మాలిక్ పోయినా మిగిలిన షెహర్

2023 ఫిబ్రవరి 15న ఒక పాత షెహర్ తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. ఇటుకలతో కట్టిన షెహర్ కాదది, కంప్యూటర్లో కట్టుకునేది. 1999లో వచ్చిన ‘ఫారో’ అనే గేమ్‌ని ఫ్రాన్స్‌కి చెందిన ట్రిస్కెల్ ఇంటరాక్టివ్ అనే చిన్న సంస్థ మొదటి నుంచి మళ్లీ గీసింది. దాన్ని డాటెమూ అనే ఇంకో ఫ్రెంచ్ సంస్థ ‘ఫారో: ఎ న్యూ ఎరా’ పేరుతో బజార్లోకి తెచ్చింది. చిన్నప్పుడు ఆడినవాళ్లు ఇప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లల అబ్బాలు, అమ్మీలు.

గేమ్ గురించి కూడా తారీఖ్ రాస్తారా అని మన బుజుర్గులు నవ్వొచ్చు. కానీ ఈ ఖిస్సాలో సల్తనత్‌లు ఉన్నాయి, అమ్ముడుపోయిన జాయిదాద్ ఉంది, మాలిక్‌లు వదిలేసిన షెహర్‌ని కాపాడిన మామూలు మనుషులున్నారు. తారీఖ్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

ముందు ఈ రకం ఆటలు ఎలా పుట్టాయో చెప్తాను. విల్ రైట్ అనే అమెరికన్ 1984లో హెలికాప్టర్‌తో బాంబులేసే ఒక గేమ్ చేశాడు. బాంబులు పడాలంటే కింద ఊరుండాలి కదా. ఆ ఊరు గీయడానికి ఒక పనిముట్టు తయారు చేసుకున్నాడు. తీరా చూస్తే కూల్చడం కన్నా కట్టడంలోనే అతనికి మజా అనిపించింది. నగరాలు పెరిగే తీరు మీద జే ఫారెస్టర్ రాసిన లెక్కలు చదివి, వాటి ఆధారంగా కొత్త ఆట అల్లాడు. ఇందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు, దీన్నెవరు కొంటారని పబ్లిషర్లు వెనక్కి పంపారు. చివరికి 1989లో ‘సిమ్‌సిటీ’గా వచ్చి దునియా అంతా తిరిగింది.

అదే 1989లో డేవిడ్ లెస్టర్ అనే ఆయన లండన్‌లో ఇంప్రెషన్స్ గేమ్స్ అనే సంస్థ పెట్టాడు. తర్వాత అది అమెరికాకి మారింది. వీళ్లు షెహర్ కట్టే ఆటకి తారీఖ్‌ని జోడించారు. 1992లో రోము మీద ‘సీజర్’, 1998లో ‘సీజర్ 3’, 1999లో మిస్ర్ మీద ‘ఫారో’, 2000లో యూనాన్ మీద ‘జ్యూస్’, 2002లో చైనా మీద ‘ఎంపరర్’ వచ్చాయి. చివరిదాన్ని వీళ్లతో కలిసి బ్రేక్అవే గేమ్స్ తయారు చేసింది.

‘ఫారో’ ఎలా నడుస్తుందో ఆడనివాళ్లకి చెప్పాలి. మీరు గల్లీ వేస్తారు, ఇళ్లకి జాగా ఇస్తారు. నీళ్ల కేంద్రం కడితే అందులోంచి ఒక భిష్తీ కుండతో బయల్దేరి గల్లీ వెంట నడుస్తాడు. అతను ఎవరి గుమ్మం ముందు నుంచి వెళ్తే ఆ ఇంటికి నీళ్లు. బజారు నుంచి ఒకామె అనాజ్ పంచుతూ తిరుగుతుంది, హకీమ్ తిరుగుతాడు, నిప్పు ఆర్పేవాడు తిరుగుతాడు. నీళ్లూ తిండీ దొరికిన గుడిసె మంచి ఇల్లవుతుంది. తర్వాత కుండలు కావాలంటుంది, నారబట్ట కావాలంటుంది, చివరికి నగలు కావాలంటుంది. నాలుగు రోడ్ల కూడలిలో భిష్తీ ఇంకో గల్లీలోకి తిరిగిపోయాడా, మీ హవేలీ మళ్లీ గుడిసె అయిపోతుంది.

ఇబ్నె ఖల్దూన్ 1377లో ‘ముఖద్దిమా’ రాస్తూ ఈ సంగతే చెప్పారు. మనిషి ముందు జరూరీ చీజులు చూసుకుంటాడు, తర్వాత హాజత్ తీర్చేవి, ఆ తర్వాత కమాలీ అంటే విలాసాలు. షెహర్‌లో ఆబాదీ పెరిగేకొద్దీ హునర్‌లు పెరుగుతాయి, ఆబాదీ తగ్గితే అవీ పోతాయి. దీనికి ఆయన పెట్టిన పేరు ఇల్మె ఉమ్రాన్. గేమ్ చేసినవాళ్లు ఆయన్ని చదివారని నేననడం లేదు. కానీ మా పిల్లలకి ఉమ్రాన్ అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు ఇంతకన్నా మంచి మిసాల్ దొరకలేదు.

మా ఇంటికి ఈ గేమ్ జెద్దా నుంచి వచ్చింది. మామూ చుట్టీకి వచ్చినప్పుడు తెచ్చిన సామాన్లో ఖజూర్, అత్తర్, జానమాజ్‌లతో పాటు ఒక సీడీ ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్ ముందు మేం అయిదుగురం కజిన్లం వంతులేసుకుని కూర్చునేవాళ్లం. అమ్మీ డబ్బా మీద పేరు చదివించుకుని, “ఫిరౌన్ పేరు మీద ఆటేందిరా, వాడి షెహర్ మీరెందుకు కడుతున్నర్రా?” అని అడిగింది.

ఆ సవాల్‌ని నేను హల్కాగా తీసుకోను. మన దిల్‌లో ఫిరౌన్ అంటే మూసా అలైహిస్సలాంని ఎదిరించిన జాలిమ్. గేమ్‌లోనేమో ఒసైరిస్, రా, ప్తా, సెత్, బాస్త్ అనే అయిదుగురు దేవతలకి మందిరాలు కట్టాలి, జనానికి బీరు కూడా పంచాలి. పురాతన మిస్ర్‌లో కూలీలకి రొట్టె, బీరు రోజువారీ రేషన్ అన్నది తారీఖ్. పిల్లలతో ఆడించే అమ్మీ అబ్బాలు ఇది తెలుసుకుని, పక్కన కూర్చుని చెప్పాలి. అదే గేమ్‌లో ఇంకో విషయం కూడా ఉంది. నైలు వరద పొలాల్ని ముంచి, ఒండ్రు వదిలి వెళ్తుంది. పొలంలో పని లేనప్పుడు అవే రైతు చేతులు కట్టడాల దగ్గరికి వెళ్తాయి. మన ఇళ్లలో చాలామంది పిరమిడ్లని బనీ ఇస్రాయీల్ గులాములు కట్టారనుకుంటారు. కుర్ఆన్‌లో ఆ మాట లేదు. గీజా పిరమిడ్లు సుమారు 4,500 ఏళ్ల నాటివి. 1990 తర్వాత అక్కడ బయటపడ్డ కూలీల సమాధులు, రొట్టెల బట్టీలు చూస్తే వాళ్లకి ఇజ్జత్‌గా కఫన్ దఫన్ జరిగిందనీ, తిండి బందోబస్తు ఉండేదనీ తెలుస్తుంది. 1999లో ఒక గేమ్ ఆ కొత్త పరిశోధన వైపు నిలబడింది.

ఇక సల్తనత్ పతనం సంగతి. ఇంప్రెషన్స్‌ని 1995లో సియెరా కొంది. మరుసటి ఏడాది సియెరాని సి.యు.సి. అనే కంపెనీ కొంది. 1998లో ఆ కంపెనీ ఖాతాల్లో పెద్ద ధోకా బయటపడింది. తర్వాత సియెరా ఫ్రాన్స్‌లోని వివెండి చేతికి పోయింది. 2004లో ఇంప్రెషన్స్ మూతపడింది. 2008లో వివెండి గేమ్‌లు యాక్టివిజన్‌లో కలిశాయి, 2023లో యాక్టివిజన్‌ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. పదిహేనేళ్లు కష్టపడి కట్టిన ఖాందాన్ పోయింది. మిల్కియత్ కాగితాలు మాత్రం ఒక అల్మారీ నుంచి ఇంకో అల్మారీకి నడిచాయి. ఆ కాగితాలు పట్టుకున్నవాళ్లలో ఎందరు ఒక్క గల్లీ అయినా వేసి చూశారో అల్లాకే ఎరుక.

ఈలోగా మన ఇళ్లలో సీడీలు గీతలు పడ్డాయి. తెరలు వెడల్పయ్యాయి, పాత బొమ్మలు వాటి మీద సాగిపోయాయి. ఆ జమానా సీడీల్లో చాలావాటికి నకల్ చేయకుండా ఒక తాళం వేసేవారు. 2015లో విండోస్ 10 వచ్చాక అలాంటి కొన్ని తాళాలు అసలు తెరుచుకోవడమే మానేశాయి. డబ్బు పెట్టి కొన్నవాడికి కూడా. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు ఏ దుకాణంలోనూ కొనడానికి దొరకవని తేలింది.

పాత షెహర్‌ని తిరిగి నిలబెట్టడానికి మూడు దారులు కనిపిస్తున్నాయి. మన కాతిబ్‌ల పని గుర్తు చేసుకుంటే ఇవి సులువుగా అర్థమవుతాయి.

మొదటిది నకల్. నుస్ఖాలో ఉన్నది ఉన్నట్టు కొత్త కాగితం మీదికి దించడం. పోలెండ్‌లో 2008లో మొదలైన జి.ఓ.జి. ఈ పని చేస్తోంది. పాత గేమ్‌ని హక్కుదారుల ఇజాజత్‌తో తీసుకుని, నేటి కంప్యూటర్లో నడిచేలా సరిచేసి, తాళం లేకుండా అమ్ముతుంది. ఒకసారి దించుకున్న ఫైలు మీదే. ఇంటర్నెట్ లేకపోయినా ఆడొచ్చు, డిస్కులో దాచుకోవచ్చు.

రెండోది అభిమానుల మెహనత్. ‘సీజర్ 3’ కోసం కొందరు ప్రోగ్రామర్లు ‘జూలియస్’ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. గేమ్ నడిచే కోడ్ మొత్తాన్ని మళ్లీ రాసి అందరి ముందూ పెట్టారు, పైసా తీసుకోలేదు. బొమ్మలు, శబ్దాలు మాత్రం మీ దగ్గరున్న అసలు గేమ్ నుంచే తీసుకుంటుంది, అంటే ఎవరి హక్కూ దోచలేదు. జూలియస్‌లో నియమం ఒకటే, ఆట తీరు అసలుదాన్ని దాటకూడదు. మార్పులు కోరినవాళ్లు దాన్నించి ‘అగస్టస్’ అనే ఇంకో శాఖ తీశారు. ‘సీజర్ 3’లో తిరిగే మనుషుల్ని ఆపే అడ్డుగట్టు లేదు. ఆటగాళ్లు కోట దర్వాజాలు నడివీధిలో కట్టి ఆపేవాళ్లు. ‘ఫారో’లో ఆ అడ్డుగట్టు వచ్చింది. అగస్టస్ దాన్ని ‘సీజర్ 3’కి కూడా ఇచ్చింది. మతన్ ఒకచోట, హాషియా ఇంకోచోట. ఏది ఎవరి మాటో చదివేవాడికి తెలుస్తుంది. నాకు ఈ అదబ్ చాలా నచ్చింది.

మూడోది కొత్త తామీర్. ‘ఎ న్యూ ఎరా’ ఆ కోవలోది. పాత గేమ్‌లోని మిషన్లు, దాని తర్వాత వచ్చిన ‘క్లియోపాత్రా’ మిషన్లు కలిపి 50కి పైగా ఇచ్చారు. బొమ్మలన్నీ చేత్తో మళ్లీ గీశారు. పనివాళ్లని వెతుకుతూ మనిషి ఇళ్ల ముందు తిరగాల్సిన పద్ధతి ఇష్టం లేనివాళ్లకి వేరే ఎంపిక పెట్టారు. కానీ యుద్ధాల్ని మాత్రం లెక్కతో దానంతటదే తేలిపోయేలా మార్చేశారు. పాతదాంట్లో ఫౌజ్‌ని మనమే నడిపేవాళ్లం. దీని మీద పాత ఆటగాళ్లు గట్టిగానే షికాయత్ చేశారు. అయినా అసలు ‘ఫారో’ జి.ఓ.జి.లో దొరుకుతూనే ఉంది కాబట్టి గొడవ గొడవగానే ఆగింది. అసలు నుస్ఖా చేతిలో ఉంటే తర్జుమా నచ్చకపోయినా నష్టం లేదు.

చేతిలో లేకపోతే ఏమవుతుందో 2013 మార్చిలో చూశాం. ఇ.ఏ. కంపెనీ కొత్త ‘సిమ్‌సిటీ’ తెచ్చింది. ఒంటరిగా ఆడినా సరే, కంపెనీ సర్వర్‌కి కలిసుంటేనే షెహర్ తెరుచుకుంటుంది. మొదటి రోజుల్లోనే సర్వర్లు కూలబడ్డాయి. డబ్బు కట్టినవాళ్లు తమ షెహర్ దర్వాజా బయట క్యూలో నిలబడ్డారు. ఇంటర్నెట్ లేకుండా ఆడే వీలు ఏడాది తర్వాత గానీ ఇవ్వలేదు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, 1989 నాటి అసలు సిమ్‌సిటీ కోడ్‌ని ఇదే కంపెనీ అంతకుముందే, 2008లో పేద దేశాల పిల్లల చవక ల్యాప్‌టాప్‌ల కోసం లోకానికి వదిలింది. ‘మైక్రోపోలిస్’ అనే పేరుతో అది ఇప్పటికీ ఉంది. ఎవరైనా తెరిచి, చదివి, మార్చుకోవచ్చు.

షెహర్ కట్టిన హుకుమత్ కూలిపోతే షెహర్ కూడా పోతుందా అని ఇబ్నె ఖల్దూన్ ఆలోచించారు. చుట్టుపక్కల పల్లెల నుంచి, కొండల నుంచి మనుషులు వచ్చి చేరుతూ ఉంటే, హుకుమత్ పోయినా షెహర్ బతుకుతుందన్నారు. సీజర్, ఫారోల విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. కాగితాలున్న మాలిక్ చూడనప్పుడు, రాత్రి డ్యూటీ అయ్యాక వచ్చి కోడ్ రాసినవాళ్లు ఆ షెహర్‌ని ఆబాద్‌గా ఉంచారు. కొనడానికి జనం ఉన్నారని తేలాకే కంపెనీలు మళ్లీ ఆ వైపు చూశాయి.

అమ్మీ సవాల్‌కి జవాబ్ చాలా ఏళ్ల తర్వాత బగ్దాద్ హకీమ్ అబ్దుల్ లతీఫ్ దగ్గర దొరికింది. ఆయన సలాహుద్దీన్ అయ్యూబీ జమానాలో మిస్ర్ వెళ్లారు. 1196లో సలాహుద్దీన్ కొడుకు అల్ అజీజ్, గీజాలోని మూడో పిరమిడ్‌ని కూల్చమని మనుషుల్ని పంపాడు. ఎనిమిది నెలలు చెమటోడ్చి, రోజుకి ఒకటీ రెండూ రాళ్లు పీకి, చివరికి వదిలేసి పోయారు. ఆ గాయం పిరమిడ్ ఉత్తరం వైపు ఇప్పటికీ కనిపిస్తుంది. వెయ్యి దీనార్లు ఇస్తే పీకిన ఒక్క రాయిని తిరిగి దాని జాగాలో పెడతావా అని అబ్దుల్ లతీఫ్ అక్కడి పనివాడిని అడిగారు. దానికి ఎన్నో రెట్లు ఇచ్చినా మా వల్ల కాదన్నాడతను. వెనకటి బాద్షాలు, కట్టినవాళ్లు తమకి దుష్మన్లయినా సరే, ఆ నిషానీల్ని తారీఖ్ కోసం, ఇబ్రత్ కోసం హిఫాజత్ చేశారని ఆయన తన కితాబులో మెచ్చుకున్నారు.

ఫిరౌన్‌ని ఇజ్జత్ చేయడం ఒకటి, ఫిరౌన్ నిషానీని దాచి పిల్లలకి చూపించడం ఇంకొకటి. ఒక గేమ్ కోడ్ పోయినా పీకిన రాయి లాంటిదే, దాన్ని మళ్లీ యథాతథంగా పెట్టడం ఎంత డబ్బున్నా కష్టం.

అందుకే మన ఇళ్లకి నా గుజారిష్ చిన్నది. పిల్లలకి గేమ్ కొనేటప్పుడు మూడు మాటలు అడగండి. ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందా? ఒకసారి కట్టిన డబ్బుతో అయిపోతుందా, లేక నెలనెలా జేబులో చెయ్యి పెడుతుందా? రేపు కంపెనీ మూతపడితే మన దగ్గర ఏం మిగులుతుంది? ఈ మూడింటికీ పాత షెహర్ ఆటలు చాలా కొత్తవాటికన్నా మంచి జవాబ్ ఇస్తాయి. కొన్న ఫైలుని ఒక డిస్కులో దాచండి, పక్కన కూర్చుని మీరూ ఒక గల్లీ వేయండి. భిష్తీ ఎటు తిరిగాడో, చివరింటికి నీళ్లు ఎందుకు అందలేదో పిల్లల్నే కనుక్కోమనండి.