మొక్కజొన్నలో కలుపు: తొలి 40 రోజులు కీలకం

మొక్కజొన్నను వరుసల మధ్య ఎక్కువ ఎడం ఉంచి విత్తుతారు. పైరు తొలిదశలో నిదానంగా పెరుగుతుంది. ఆ ఖాళీ నేలలో కలుపు ముందుగా లేచి నీటిని, ఎరువును, వెలుతురును హరిస్తుంది. కావున విత్తిన నాటి నుండి సుమారు 40 రోజుల వరకు చేను శుభ్రంగా ఉండవలెను. ఆ పిమ్మట ఆకులు కమ్ముకొని నేలకు నీడ పడుతుంది. కలుపు చాలావరకు అణగిపోతుంది.

కలుపు రకాలు

ఊద, గరిక గడ్డి జాతివి. గలిజేరు, పాయలాకు, వయ్యారిభామ వెడల్పాకు జాతివి. తుంగ మూడవ రకం. భూమిలోని గడ్డల నుండి తిరిగి మొలుస్తుంది కనుక పైపైన కోసినంత మాత్రాన పోదు.

సేద్య పద్ధతులు

వేసవి దుక్కి వలన తుంగ గడ్డలు, గరిక వేళ్లు పైకి వచ్చి ఎండిపోతాయి. విత్తిన 20 రోజుల తరువాత వరుసల మధ్య గుంటక తోలి, 30–35 రోజులకు మొదళ్లకు మట్టి ఎగదోయవలెను. వయ్యారిభామను పూతకు రాకమునుపే, చేతికి తొడుగు వేసుకొని పెరికివేయాలి. అది చర్మానికి దురద కలిగిస్తుంది.

కలుపు మందులు (ఎకరాకు, 200 లీటర్ల నీటిలో)

• విత్తిన 2–3 రోజులలోపు, నేలలో తేమ ఉన్నప్పుడు: అట్రజిన్ 50% పొడి మందు, తేలిక నేలలకు 800 గ్రాములు, బరువు నేలలకు 1,200 గ్రాములు.
• పప్పుధాన్యాలు అంతరపంటగా ఉంటే అట్రజిన్ వాడరాదు. పెండిమిథాలిన్ 30% ఒక లీటరు చాలును.
• కలుపు 3–4 ఆకుల దశలో: టెంబోట్రయాన్ 34.4%, 115 మిల్లీలీటర్లు.
• గ్లైఫోసేట్ పైరుపై పడితే మొక్కజొన్న కూడా చనిపోతుంది.

పొరుగు భాషలో ఉన్న డబ్బా

మన సరిహద్దు గ్రామాలలో మందు డబ్బాపై తెలుగు ఉండకపోవచ్చును. నిబంధనల ప్రకారం హిందీ, ఇంగ్లీషులతో పాటు అమ్మే ప్రాంతపు భాషలో ముద్రిస్తారు. కలుపు మందును కన్నడంలో ‘కళెనాశక’, తమిళంలో ‘కళైక్కొల్లి’, మరాఠీలో ‘తణనాశక’ అంటారు. ఒకే మందు పలు పేర్లతో అమ్ముడుపోతుంది. కనుక వ్యాపారనామం గాక, మందు అసలు పేరు, శాతం చూడవలెను. శాతం మారితే మోతాదు మారుతుంది. బడిలో ఆ భాష చదివే పిల్లల చేత డబ్బాను తెరవకముందే కరపత్రం చదివించుకొనండి. మందు మాత్రం వారి చేతికి ఇవ్వకండి. డబ్బాపై గల రంగు గుర్తుకు భాషతో పనిలేదు: ఎరుపు అత్యంత విషపూరితం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ క్రమంగా తక్కువ. ఆకుపచ్చ అయినా విషమేనని మరువరాదు.