కాలం అమ్మకుండానే కాసులు: ఒక వాగ్దానపు చరిత్ర

పనిచేసిన గంటలకే కూలి. పని ఆగితే కూలీ ఆగుతుంది. రోజు కూలీ నుంచి గుమాస్తా వరకు అందరికీ తెలిసిన ఈ కఠిన సత్యాన్నే పెట్టుబడిగా చేసుకొని ఎదిగిన వ్యాపారం నెట్‌వర్క్ మార్కెటింగ్. ‘కాలాన్ని అమ్ముకోవడం మానండి, కింద ఒక జట్టును నిర్మించుకోండి, నిద్రలోనూ ఆదాయం వస్తుంది’ అన్నది దాని తారకమంత్రం.

ఈ పద్ధతి 1940లలో అమెరికాలో, న్యూట్రిలైట్ పోషకాహార ఉత్పత్తుల అమ్మకంతో రూపుదిద్దుకుంది. ఆ సరుకు అమ్మిన జే వాన్ ఆండెల్, రిచ్ డివోస్‌లే 1959లో మిషిగన్ రాష్ట్రంలో ఆమ్వేను స్థాపించారు. 1979లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థది పిరమిడ్ పథకం కాదని తేల్చింది. అదే సమయంలో, పంపిణీదారుల అమ్మకపు ధరలను శాసించడాన్నీ, ఆదాయంపై చేసిన అతిశయోక్తులనూ తప్పుపట్టింది. లోకానికి ప్రచారమైంది మాత్రం మొదటి మాటే.

భారతదేశం దారి వేరు. బహుమతి చిట్ల పేరిట సామాన్యుల పొదుపు ఆవిరవుతున్న రోజుల్లో, జనతా ప్రభుత్వ హయాంలో, 1978లో ప్రైజ్ చిట్లు, డబ్బు చలామణి పథకాల నిషేధ చట్టం వచ్చింది. కొత్త సభ్యుల చేరికపై ఆధారపడి డబ్బు చెల్లిస్తామనే పథకం నేరమని ఆ చట్టం నిర్వచించింది. గొలుసుకట్టు వ్యాపారాలు తర్వాత తలపడవలసి వచ్చింది ఈ నిర్వచనంతోనే.

సరళీకరణ అనంతరం, 1998లో ఆమ్వే ఇక్కడ అమ్మకాలు ప్రారంభించింది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సీఐడీ పోలీసులు ఆ సంస్థపై చర్యలు చేపట్టగా, వివాదం హైకోర్టుకు చేరింది. సభ్యుల చేరికతో ముడిపడిన కమీషన్ల పథకం 1978 చట్టం పరిధిలోకి వస్తుందని 2007లో ధర్మాసనం స్పష్టం చేసింది. 2014 మే నెలలో, రాష్ట్ర విభజనకు కొద్ది రోజుల ముందు, సంస్థ భారత విభాగాధిపతిని కర్నూలు పోలీసులు అరెస్టు చేశారు. చివరకు 2021 డిసెంబరులో కేంద్రం ప్రత్యక్ష విక్రయాల నిబంధనలను ప్రకటించింది. అవి ప్రత్యక్ష విక్రయాన్ని గుర్తించాయి. పిరమిడ్ పథకాలనూ, డబ్బు చలామణినీ నిషేధించాయి. అంటే, సరుకు అమ్మితే వ్యాపారం, మనుషులను చేర్చుకున్నందుకు సొమ్మైతే నేరం.

చట్టానికి నాలుగు దశాబ్దాలు పట్టిన ఈ విషయాన్ని గణితం నాలుగు నిమిషాల్లో చెబుతుంది. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలన్న గొలుసులో పదకొండో అంచెకు 36 కోట్ల మంది కావాలి. పన్నెండో అంచెకు 217 కోట్ల మంది కావాలి. దేశ జనాభా మొత్తం చాలదు. కనుక చివరి అంచెల వారికి చేర్చడానికి మనుషులే మిగలరు. పై వారికి కనిపించే ‘నిద్రలో ఆదాయం’, కింది వారు మేల్కొని వెచ్చించిన సొమ్మే.

ఇంకొక నష్టం లెక్కలకు అందదు. కాలానికి ధర కట్టించడం శ్రామికుల సుదీర్ఘ పోరాట ఫలం. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, ఫ్యాక్టరీల చట్టం పని గంటలకు హద్దు పెట్టింది. కనీస వేతనాల చట్టం కూలికి అడుగు మట్టం నిర్ణయించింది. పంపిణీదారుకు ఆ రక్షణ ఏదీ లేదు. అతడు ఉద్యోగి కాడు. ఇంటింటికీ తిరిగిన సాయంత్రాలకు వేతనం లేదు, అమ్ముడుపోని సరుకు భారం మాత్రం అతడిదే. కాలాన్ని అమ్ముకోవద్దన్న మాట నమ్మినవాడు, తన కాలాన్నీ, బంధుమిత్రుల విశ్వాసాన్నీ ఉచితంగా ధారపోస్తున్నాడు.

అయినా ఈ మంత్రం ఎందుకు ఫలిస్తున్నది? చదివిన చదువుకు కొలువు దొరకనిచోట, దొరికిన కొలువులో జీతం చాలనిచోట, కాలం అమ్ముకోవడానికి గౌరవప్రదమైన అంగడే లేదు. ఆ లోటును పూడ్చవలసినది పోలీసులు కారు, ప్రభుత్వాలు. కాలానికి న్యాయమైన వెల దొరికిన నాడు, నిద్రలో ఆదాయం వస్తుందనే కలకు కొనుగోలుదారులు తగ్గుతారు.