సిరియాక్ రాతప్రతులు: డిజిటల్ సేకరణలు, అన్వేషణ

సిరియాక్ అరమాయిక్ భాషలో ఒక శాఖ. ఇప్పటి తుర్కియేలో ఉర్ఫాగా పిలిచే ఎడెస్సా నగరం దాని పుట్టిల్లు. పశ్చిమాసియా క్రైస్తవులు ప్రార్థనలే కాక చరిత్ర, వైద్యం, తర్కం కూడా ఈ భాషలో రాసుకున్నారు. ఆ ప్రతుల్లో చాలావాటికి స్థిరనివాసం దొరకలేదు. అందుకే ఒక్కో ప్రతి ఏ చేతులు మారిందో తెలిస్తేనే దాని చిత్రం ఇప్పుడెక్కడ దొరుకుతుందో తెలుస్తుంది.

ఈజిప్టులో వాదీ అల్-నత్రూన్ ఎడారిలోని దైర్ అల్-సురియాన్ మఠం కథే చూడండి. పన్ను మినహాయింపు కోరుతూ బాగ్దాద్ వెళ్ళిన మఠాధిపతి, నిసిబిస్ వాస్తవ్యుడు మోషే, 932లో 250 ప్రతులతో తిరిగివచ్చాడు. పొడి వాతావరణం వాటిని శతాబ్దాలపాటు కాపాడింది. 18వ శతాబ్దంలో అస్సెమానీ కుటుంబీకులు కొన్నింటిని వాటికన్‌కు చేర్చారు. 19వ శతాబ్దంలో హెన్రీ టాటమ్ వంటివారి ద్వారా వందలాది ప్రతులు లండన్ చేరాయి. తేదీ వేసి ఉన్న సిరియాక్ ప్రతుల్లో అన్నిటికన్నా పాతది, 411 నవంబరులో ఎడెస్సాలో రాసినది, వాటిలో ఒకటి.

వాటికన్ ప్రతులు డిజివాట్‌లిబ్‌లో, పారిస్ జాతీయ గ్రంథాలయం ప్రతులు గాలికాలో ఉచితంగా చూడవచ్చు. లండన్ పరిస్థితి వేరు. 2023 అక్టోబరులో జరిగిన సైబర్ దాడితో బ్రిటిష్ లైబ్రరీ చిత్రాలు చాలాకాలం అందకుండా పోయాయి. ఒక్కచోటే దాచిన డిజిటల్ ప్రతి కూడా భద్రం కాదని అది రుజువు చేసింది.

అమెరికాలోని మినెసోటాలో ఉన్న హిల్ మ్యూజియం అండ్ మాన్యుస్క్రిప్ట్ లైబ్రరీది మరో పద్ధతి. ప్రతులను తరలించకుండా, అవి ఉన్నచోటే స్థానికులతో ఫొటోలు తీయిస్తుంది. 2014లో ఐసిస్ ఇరాక్‌లోని మోసుల్‌ను ఆక్రమించినప్పుడు, అదే పనిలో ఉన్న డొమినికన్ గురువు నజీబ్ మిఖాయిల్ ఎన్నో ప్రతులను ఎర్బిల్‌కు తరలించి కాపాడారు. ఆ కల్లోలంలో పోయినవాటిలో కొన్నింటికి ఇక చిత్రాలే దిక్కు. హిల్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిస్తే చాలా ప్రతుల పుటలు చూడవచ్చు.

వెతికేటప్పుడు గ్రంథం పేరును నమ్ముకోకూడదు. ఒకే రచనకు కేటలాగుల్లో పలు పేర్లుంటాయి. గ్రంథాలయం ఇచ్చిన సంఖ్యే గట్టి ఆధారం. లండన్ ప్రతులకు 1870–72లో మూడు సంపుటాలుగా వచ్చిన విలియం రైట్ కేటలాగుకు సాటి లేదు. దాని స్కాన్లు కూడా ఉచితమే. లేఖకులు చివర వేసే తేదీ సాధారణంగా గ్రీకుల శకంలో ఉంటుంది. ఆ సంవత్సరం అక్టోబరు ఒకటిన మొదలవుతుంది కనుక క్రీస్తుశకంలోకి మార్చేటప్పుడు అక్టోబరు–డిసెంబరు మధ్య రాసినవాటికి 312, మిగతా నెలల్లోవాటికి 311 తీసివేయాలి. పైన చెప్పిన ఎడెస్సా ప్రతిపై ఉన్నది 723.

కొన్ని ప్రతుల్లో ఒక రాత కింద మరొకటి దాగి ఉంటుంది. సినాయ్ పర్వతం కింద సెయింట్ కాథరిన్ మఠంలో, పునీత స్త్రీల చరిత్రల కింద చెరిపేసిన పురాతన సువార్త పాఠాన్ని 1892లో ఆగ్నెస్ స్మిత్ లూయిస్ గుర్తించారు. సినాయ్ సిరియాక్ 30 అనే ఆ ప్రతిని ఇటీవల వేర్వేరు కాంతి తరంగాల్లో ఫొటో తీశారు. మామూలు రంగుల చిత్రంలో అలికినట్టు కనిపించే అక్షరాలు వాటిలో విడివిడిగా తేలతాయి.

లిపి సిరియాక్ అయినంత మాత్రాన భాష కూడా అదే కానక్కరలేదు. అరబ్బీని ఈ లిపిలో రాస్తే గర్షూనీ అంటారు. కేరళలోని మార్ తోమా క్రైస్తవులు మలయాళాన్నీ ఇలాగే రాశారు. అటువంటి ప్రతులను వెతకాలంటే సిరియాక్ భాష అని మాత్రమే చూస్తే సరిపోదు.