పిట్టి త్యాగరాయ చెట్టి

పిట్టి త్యాగరాయ చెట్టి (1852 ఏప్రిల్ 27 – 1925 ఏప్రిల్ 28) సుమారు నలభై ఏళ్లు మద్రాసు కార్పొరేషన్ సభ్యుడిగా పనిచేసిన తెలుగు వ్యాపారి. ప్రభుత్వ ఉద్యోగి కాకుండా ఆ కార్పొరేషన్ అధ్యక్ష పీఠమెక్కిన తొలి వ్యక్తి ఆయనే. బ్రాహ్మణేతరుల పక్షంగా వచ్చిన జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరిగానే చరిత్ర పుస్తకాలు ఆయన్ను తలుస్తాయి. నిజానికి ఆ పార్టీ పుట్టేనాటికి ఆయనకు అరవై నాలుగేళ్లు. ముప్పై ఏళ్లకు పైబడిన కౌన్సిలర్ అనుభవంతోనే ఆయన పార్టీ రాజకీయాల్లోకి వచ్చారు.

మగ్గాల ఇల్లు

నేత కులమైన దేవాంగుల కుటుంబం. ఇంట్లో మాట తెలుగు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టా పుచ్చుకుని కులవృత్తికి సంబంధించిన వ్యాపారంలోనే దిగారు. ఉత్తర మద్రాసులో ఫ్లై షటిల్ మగ్గాలతో నేత కర్మాగారం నడిపారు. 1882లో కార్పొరేషన్‌లో అడుగుపెట్టి 1920ల ఆరంభం దాకా కొనసాగారు. తెల్ల పంచె, తెల్ల కోటు, తెల్ల తలపాగా ఆయన నిత్యవేషం. 1922లో వేల్స్ యువరాజు మద్రాసు వచ్చినప్పుడు దర్బారు దుస్తులకు బదులు అదే వేషంలో స్వాగతం పలకడానికి ఆయనకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. తమిళులు ఆయన్ను ‘వెళ్లుడై వేందర్’ (తెల్లబట్టల రాజు) అనడం ఆ తెల్లబట్టల వల్లే.

అణా ఫలహారం

1919 నగరపాలక చట్టం తర్వాత అధ్యక్షుడై 1922 దాకా ఉన్నారు. ఆ కాలంలో కౌన్సిల్ చేసిన పనుల్లో మిగతావన్నీ ఒక ఎత్తు, 1920 నాటి ఒక చిన్న తీర్మానం ఒక ఎత్తు. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు ఫలహారం పెట్టాలని, రోజుకు తలకు అణా మించకూడదని దాని సారాంశం. ఆ బడిలో చదివేది పేద పిల్లలనీ, అందువల్లే హాజరు పడిపోతోందనీ త్యాగరాయ చెట్టి సభకు చెప్పారు. తర్వాత మరికొన్ని బడులకూ దీన్ని విస్తరించారు. ప్రాథమిక విద్యానిధి సొమ్మును దీనికి వాడటానికి ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో పథకం ఆగింది. కామరాజ్ ప్రభుత్వం 1956లో రాష్ట్రమంతటా మొదలుపెట్టిన మధ్యాహ్న భోజనానికి మూలం ఎక్కడని వెతికితే ఈ అణా లెక్క దగ్గరే తేలుతుంది.

పార్టీ, పదవి

కార్పొరేషన్‌లో ఆయనకు గట్టి ప్రత్యర్థి డాక్టర్ టి.ఎం. నాయర్. తిరువల్లిక్కేణి పార్థసారథి గుడి కోనేరు వ్యవహారంలో ఇద్దరికీ బాగా చెడింది. డాక్టర్ సి. నటేశ ముదలియార్ పూనుకుని రాజీ చేయకపోతే 1916 నవంబరు 20న దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య, అంటే జస్టిస్ పార్టీ, పుట్టేదే కాదేమో. పార్టీ వాణిని తెలుగువారికి ‘ఆంధ్రప్రకాశిక’ పత్రిక వినిపించింది.

కాంగ్రెస్ బహిష్కరించిన 1920 మద్రాసు శాసనమండలి ఎన్నికల్లో పార్టీ గెలిచింది. మంత్రివర్గం ఏర్పాటు చేయమని గవర్నర్ విల్లింగ్డన్ పిలిచినా త్యాగరాయ చెట్టి ఒప్పుకోలేదు. మంత్రివర్గ నేత పదవి ఎ. సుబ్బరాయలు రెడ్డియార్‌కు, మరుసటి ఏడు పానగల్ రాజా పానగంటి రామారాయణింగార్‌కు దక్కింది.

అయితే బ్రాహ్మణేతరులందరి పార్టీ అన్న మాట 1921 బిన్నీ మిల్లుల సమ్మెలో తేలిపోయింది. కార్మికులు కులాల వారీగా చీలినప్పుడు పార్టీ సవర్ణ సమ్మెదారుల పక్కన నిలిచింది. ప్రభుత్వం ఆదిద్రావిడులను (దళితులను) నెత్తికెక్కించుకుందని పార్టీ పత్రిక నిందించింది. ఆదిద్రావిడ నాయకుడు ఎం.సి. రాజా 1923లో పార్టీని వీడారు. త్యాగరాయ చెట్టి సేవను లెక్కగట్టేవాళ్లు ఈ పద్దును దాటేయడం మామూలైపోయింది.

పేర్లు

రిపన్ భవనం దగ్గర ఆయన విగ్రహం ఉంది. మాంబళం చెరువు భాగాన్ని పూడ్చి 1920లలో కట్టిన పేటకు త్యాగరాయనగర్ అని పేరు పెట్టారు. నేడు అందరి నోటా అది టి.నగర్. పాండీబజార్ ఉన్నది సర్ త్యాగరాయ రోడ్డు మీదే. దగ్గర్లోనే పానగల్ పార్కు, నటేశన్ పార్కు, పాత ప్రత్యర్థి పేరిట డాక్టర్ నాయర్ రోడ్డు ఉన్నాయి.