నష్టాల్లో పెరిగిన పండుగ: కాలేజీ వరల్డ్ సిరీస్ పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో రెండు కాలేజీల మధ్య తొలి బేస్‌బాల్ మ్యాచ్ 1859 జులై 1న మసాచుసెట్స్ రాష్ట్రంలోని పిట్స్‌ఫీల్డ్‌లో జరిగింది. ఆమ్హర్స్ట్ కాలేజీ 73 పరుగులు చేసింది, విలియమ్స్ కాలేజీ 32 దగ్గర ఆగిపోయింది. దేశంలోని కాలేజీలన్నిటికీ కలిపి ఒక విజేతను తేల్చే పోటీ మాత్రం ఆ తర్వాత 88 ఏళ్లకు గానీ పుట్టలేదు. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ 1906లోనే ఏర్పడింది. బాస్కెట్‌బాల్‌కు 1939లోనే జాతీయ టోర్నమెంటు పెట్టింది. బేస్‌బాల్ వంతు అంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది?

మొదటి కారణం వాతావరణం. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో చలికాలం చివర్లోనే ఆట మొదలైపోతుంది. మిచిగన్, మిన్నెసోటా కుర్రాళ్లు మాత్రం మైదానంలో మంచు కరిగేదాకా కాచుకోవాలి. వాళ్ల సీజన్ ఊపందుకునేసరికి పరీక్షలు వచ్చిపడతాయి, ఆపై వేసవి సెలవులు. రెండో కారణం దూరం. రైలే దిక్కయిన కాలంలో ఒక తీరం జట్టు రెండో తీరానికి వెళ్లి ఆడాలంటే రోజులూ డబ్బూ రెండూ కరిగిపోయేవి. మూడో కారణం వృత్తి క్లబ్బులు. కొత్త ఆటగాళ్లను క్లబ్బులకు పంచే డ్రాఫ్టు పద్ధతి 1965లో గానీ రాలేదు. అంతవరకూ మంచి కుర్రాడు కంటపడితే ఏ క్లబ్బైనా నేరుగా ఒప్పందం రాయించుకునేది. ఈ మూడింటి మధ్య నలిగి కాలేజీ బేస్‌బాల్ ఎక్కడికక్కడే ప్రాంతీయ ఆటగా ఉండిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం ఈ లెక్క మార్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువు ఖర్చును ప్రభుత్వమే భరించేలా 1944లో చట్టం వచ్చింది. 1947 నాటికి అమెరికా కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగం మంది మాజీ సైనికులే. జట్లలో మీసాలు మొలుస్తున్న కుర్రాళ్ల పక్కన యుద్ధం చూసి వచ్చిన మగవాళ్లు నిలబడ్డారు. 1945లో కాలేజీ బేస్‌బాల్ శిక్షకులు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ రెండు బలాలూ కలిసిన చోట, ఇప్పుడు కాలేజీ వరల్డ్ సిరీస్ అని పిలిచే జాతీయ పోటీ పుట్టింది.

1947లో మిచిగన్ రాష్ట్రంలోని కలమజూలో తొలి ఫైనల్ జరిగింది. ఎనిమిది జట్లు రెండు ప్రాంతీయ పోటీల్లో ఆడగా, ఒక్కో దాని నుంచి ఒక్కో జట్టు ముందుకొచ్చింది. మూడు మ్యాచ్‌ల ఫైనల్లో కాలిఫోర్నియా జట్టు యేల్‌ను 17-4, 8-7తో వరుసగా రెండుసార్లు ఓడించి తొలి విజేత అయింది. యేల్ తరఫున ఫస్ట్ బేస్ దగ్గర ఆడిన యువకుడు యుద్ధకాలంలో నౌకాదళ విమాన చోదకుడు. 1944లో పసిఫిక్ మహాసముద్రం మీద అతని విమానాన్ని శత్రువు కూల్చేసినా ప్రాణాలతో బయటపడ్డాడు. పేరు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్. తర్వాతి కాలంలో అమెరికాకు 41వ అధ్యక్షుడయ్యాడు. 1948లో అతనే యేల్ కెప్టెన్. మళ్లీ ఫైనల్ దాకా వచ్చి ఈసారి సదరన్ కాలిఫోర్నియా చేతిలో ఓడిపోయాడు.

మైదానంలో ఇంత కథ నడిచినా టికెట్ల పెట్టె నిండలేదు. 1949లో పోటీని కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాకు మార్చారు. అక్కడ టెక్సాస్ జట్టు వేక్ ఫారెస్ట్‌ను 10-3తో ఓడించి కప్పు గెలిచింది. పోటీ మాత్రం ఆ ఊళ్లోనూ నిలదొక్కుకోలేదు. మూడేళ్లలో రెండు ఊళ్లు మారి, 1950లో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాకు చేరింది.

అప్పటి ఒమాహా పశువుల సంతలకు, మాంసం కర్మాగారాలకు, రైళ్లకు పేరున్న ఊరు. యూనియన్ పసిఫిక్ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. దేశం నడిబొడ్డున ఉండడంతో ఏ తీరం నుంచి వచ్చే జట్టుకైనా దాదాపు సమాన దూరం. పైగా 1948లో అక్కడ కొత్త మున్సిపల్ స్టేడియం తెరిచారు. ఆ స్టేడియం కోసం గట్టిగా పోరాడినవారిలో జానీ రోజెన్‌బ్లాట్ ఒకరు. తనూ బేస్‌బాల్ ఆడినవాడే. తర్వాత నగర మేయర్ అయ్యాడు.

1950లో పోటీ స్వరూపం కూడా కుదిరింది. ఎన్‌సీఏఏ దేశాన్ని ఎనిమిది జిల్లాలుగా చూసి, జిల్లాకొక జట్టును ఒమాహాకు పిలిచింది. టెక్సాస్, వాషింగ్టన్ స్టేట్, రట్గర్స్, విస్కాన్సిన్, అలబామా, టఫ్ట్స్, బ్రాడ్లీ, కొలరాడో ఎ అండ్ ఎం వచ్చాయి. నియమం ఒక్కటే: రెండుసార్లు ఓడిన జట్టు ఇంటికి వెళ్తుంది. ఐపీఎల్ ప్లేఆఫ్స్‌లో మొదటి రెండు స్థానాల జట్లకు మాత్రమే దక్కే రెండో అవకాశం ఇక్కడ అందరికీ ఉంటుందన్నమాట.

ఈ నియమం బేస్‌బాల్ స్వభావాన్ని ఎరిగి పెట్టినది. ఈ ఆటలో ఒక్క పిచ్చర్‌కు, అంటే బంతి విసిరే ఆటగాడికి, ఆ రోజు చెయ్యి తిరిగితే ఎంత పెద్ద ప్రత్యర్థి జట్టైనా కుప్పకూలుతుంది. అయితే ఒక మ్యాచ్ మొత్తం బంతులు విసిరిన చెయ్యికి కొన్ని రోజుల విశ్రాంతి తప్పదు. అందుకే ఒక్క మ్యాచ్‌తో తేల్చేస్తే గొప్ప పిచ్చర్ ఉన్న జట్టు గెలుస్తుంది. వారం పైగా ఆడిస్తే, రెండో పిచ్చరూ మూడో పిచ్చరూ నిలబడే జట్టు గెలుస్తుంది.

1950 జూన్‌లో టెక్సాసే దీనికి సాక్ష్యమైంది. డిఫెండింగ్ చాంపియన్‌గా వచ్చి తొలి మ్యాచ్‌లోనే రట్గర్స్ చేతిలో ఓడింది. ఇంకొక్క ఓటమితో కథ ముగిసేది. అక్కడి నుంచి మళ్లీ ఓడలేదు. టఫ్ట్స్ మీద టెక్సాస్ పిచ్చర్ జిమ్ ఎర్లర్ ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ మొత్తం బంతులు విసిరాడు. నో-హిటర్ అనే ఈ ఘనత ఒమాహాలో తర్వాత 1960లో ఒకసారి, మళ్లీ 2025లో ఒకసారి మాత్రమే సాధ్యమైంది. ఆఖరి మ్యాచ్‌లో టెక్సాస్ 3-0తో వాషింగ్టన్ స్టేట్‌ను ఓడించింది. వరుసగా రెండేళ్లు కప్పు గెలిచిన మొదటి జట్టు అదే. పోటీలో ఉత్తమ ఆటగాడి గౌరవం మాత్రం రట్గర్స్‌కు చెందిన రే వాన్‌క్లీఫ్‌కు దక్కింది. ఓడిన జట్టు కుర్రాడి ఆటకు కూడా విలువ కట్టిన తీర్పు అది.

 

ఈ కథలో చెప్పక తప్పని చేదు కూడా ఉంది. ఆ 1950 జూన్ 5నే అమెరికా సుప్రీంకోర్టు, నల్లజాతీయుడైన హెమన్ స్వెట్‌ను టెక్సాస్ విశ్వవిద్యాలయం తన న్యాయ కళాశాలలో చేర్చుకోవాలని తీర్పు ఇచ్చింది. డిగ్రీ చదువులకు నల్లజాతి విద్యార్థులను ఆ విశ్వవిద్యాలయం 1956 దాకా చేర్చుకోలేదు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1947లోనే మేజర్ లీగ్ వృత్తి బేస్‌బాల్‌లో వర్ణవివక్ష గోడను బద్దలుకొట్టాడు. దక్షిణాది కాలేజీల ఆట ఆ విషయంలో వెనకబడింది. రెండో అవకాశం అందరికీ ఇచ్చిన టోర్నమెంటు, మొదటి అవకాశమే దొరకని కుర్రాళ్లున్న దేశంలో జరిగింది.

ఒమాహాలోనూ లాభాలు వెంటనే రాలేదు. తొలి పదేళ్లలో ఎక్కువ ఏడాదులు నష్టమే. మునుపటి రెండు ఊళ్లలో వదిలేసినట్టే ఇక్కడా వదిలేసి ఉండవచ్చు. కానీ రోజెన్‌బ్లాట్‌తో పాటు బ్రాండైస్ దుకాణానికి చెందిన ఎడ్ పెటిస్, ప్రకటనల సంస్థ నడిపిన మోరిస్ జేకబ్స్ వంటివాళ్లు పోటీని చేజారనివ్వలేదు. ఇంకా గొప్ప సంగతి ఏమిటంటే, ఈ పోటీలో ఆ ఊరికి తమదని చెప్పుకోవడానికి ఒక్క జట్టు కూడా లేదు. ఒమాహాలోని క్రైటన్ విశ్వవిద్యాలయం 1991లో గానీ ఈ పోటీకి అర్హత సాధించలేదు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వంతు 2001లో వచ్చింది. నాలుగు దశాబ్దాలు ఆ ఊరి జనం పరాయి ఊళ్ల పిల్లల ఆటను డబ్బిచ్చి చూశారు.

అలా ఓర్చుకున్నందుకు ఫలితం దక్కింది. 1964లో ఆ స్టేడియానికి రోజెన్‌బ్లాట్ పేరే పెట్టారు. 2010 దాకా పోటీ అక్కడే జరిగింది. 2011 నుంచి సుమారు 24,000 మంది పట్టే కొత్త స్టేడియానికి మారింది. ఇప్పుడు ఒక్కో టోర్నమెంటుకు హాజరు మూడు లక్షలు దాటుతోంది. కాలేజీ ఆటగాళ్ల నోట ‘ఒమాహా వెళ్లాలి’ అన్న మాటకు జాతీయ పోటీకి అర్హత సాధించాలనే అర్థం.

ఒక పోటీ చరిత్ర రాసేటప్పుడు విజేతల పట్టిక ముందు కనిపిస్తుంది. ఈ పోటీని నిలబెట్టినవాళ్లు మాత్రం ఆ పట్టికలో లేరు. ఖాళీ కుర్చీలు కనిపించిన ఏడాది తర్వాత కూడా మళ్లీ టికెట్లు అచ్చు వేయించినవాళ్లకూ, తమ జట్టు లేని మ్యాచ్‌కు వచ్చి కూర్చున్నవాళ్లకూ ఆ గౌరవం దక్కాలి. మన ఊళ్లలో క్రీడోత్సవం మొదలుపెట్టి, మొదటి నష్టానికే మూసేసే నిర్వాహకులు తెలుసుకోవలసిన చరిత్ర ఇది.