కాలిన రేకుల వెల

2023 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఆర్‌ఎం సదబీస్ వారు వేలం వేసిన ఒక ఫెరారీ, ఎవరైనా చెబితే తప్ప ఒకప్పుడు కారని తెలియని స్థితిలో ఉంది. 1954 నాటి 500 మొండియల్ స్పైడర్ అది. ఏనాడో గుద్దుకొని కాలిపోయింది. పినిన్ ఫరీనా తీర్చిన అల్యూమినియం బాడీ గుప్పిట్లో నలిపిన కాగితంలా ముడుచుకుపోయి ఉంది. దాన్ని 18 లక్షల 75 వేల డాలర్లు పెట్టి కొన్నారు. డబ్బు ఎక్కువై చేసిన పని అని కొట్టిపారేయడం తేలికే. కానీ ఇటలీ పాతకార్ల బజారులో ‘కండిషన్’ అనే మాటకు అరవై ఏళ్లలో అర్థం ఎలా మారుతూ వచ్చిందో చూస్తే ఆ ధర వెనక లెక్క కనిపిస్తుంది. ఆ శిథిలం షాసీ నంబరు 0406 ఎండీ. 1947లో ఫెరారీ పేరుతో తొలి రేసు నడిపిన ఫ్రాంకో కొర్తేసే, 1954 మిల్లె మీలియా పందెంలో తోలింది ఈ కారునే. పాత కారు విలువ అందులో మిగిలిన సాక్ష్యం విలువే అని నా వాదన. బజారు ఆ సంగతి గ్రహించేలోగా చెరిగిపోకూడనివి చాలా చెరిగిపోయాయి.

మొదట్లో ఈ కార్లకు పాతబడటమే శాపం. ఫెరారీ 250 జీటీఓలు 1962-64 మధ్య 36 మాత్రమే తయారయ్యాయి. రేసు కారుకు ఆయుష్షు రెండు మూడు సీజన్లే. కొత్త మోడల్ వస్తే పాతది మూలన పడాల్సిందే. అలా మూలన పడ్డ ఒక జీటీఓ టెక్సస్‌లోని విక్టోరియా హైస్కూలుకు దానంగా చేరింది. 1972లో స్కూలువారు దాన్ని 6,500 డాలర్లకు అమ్మేశారు. తరువాత ఒహాయోలో ఏళ్ల తరబడి ఓ పొలంలో, ట్రైలర్ మీద, ఎండకు ఎండి వానకు నానింది. ధర లేని చోట మరమ్మతుకు పట్టింపు ఉండదు. 12 సిలిండర్ల ఇంజిన్ పాడైతే బాగుచేయించే ఖర్చు కారు ఖరీదును మించిపోయేది కాబట్టి, అమెరికాలో కొన్నిటికి షెవర్లే ఇంజిన్లు బిగించారు. నీలం, బూడిద రంగుల్లో పుట్టినవాటికి ఫెరారీ అంటే ఎరుపే అనుకొని ఎర్ర రంగు కొట్టారు. వారిని తప్పుపట్టలేం. వారి చేతిలో ఉన్నది ఒక సెకండ్ హ్యాండ్ బండి, అంతే.

అసలు నష్టం ధరలు పెరిగాక జరిగింది. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయాడు. అప్పటికే జపాన్ డబ్బు బజారులోకి వచ్చి ఉంది. కోటి డాలర్లు దాటి పలికిన జీటీఓ, 1990ల మధ్యకల్లా అందులో మూడోవంతుకు పడిపోయింది. ధరలు తిరిగి కోలుకున్నాయి గానీ ఆ జోరులో కొత్త అలవాటు ఒకటి స్థిరపడింది: కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటికన్నా కొత్తగా చేయడం. మోదెనాలో ఫెరారీలకు బాడీలు కట్టిన సెర్జియో స్కాలియెత్తి షాపులో రేకులను సుత్తితో చేత్తోనే వంచేవారు. కుడి ఎడమలు మక్కికి మక్కి కలిసేవి కావు. ఆ తేడాలోనే పనివాడి చెయ్యి కనపడేది. రిస్టోరేషన్ పేరిట ఆ వంకర సరిచేసి, గుంటలు పూడ్చి, అద్దంలా పాలిష్ పెట్టారు. పాతకార్ల ప్రదర్శన పోటీల పచ్చికపై కారు తళతళలాడింది, పనివాడు మాత్రం మాయమయ్యాడు.

ఆ అలవాటు మారిందనడానికి 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో ఆర్ట్‌క్యూరియల్ జరిపిన వేలం గట్టి సూచన. పశ్చిమ ఫ్రాన్స్‌లోని ఓ షెడ్డులో పాత పత్రికల కట్టల కింద దొరికిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్, ఒకప్పుడు నటుడు అలెన్ దెలాన్ వాడినది, కోటీ 60 లక్షల యూరోలు దాటింది. 2017లో జపాన్‌లోని ఓ కొట్టాంలో దశాబ్దాలు నిద్రపోయిన 1969 ఫెరారీ డేటోనా 18 లక్షల యూరోలకు పోయింది. ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే: అల్యూమినియం బాడీతో రోడ్డెక్కిన డేటోనా అదొక్కటే, దెలాన్ పేరూ చిన్నది కాదు, అలాంటప్పుడు ధర అరుదుకా, దుమ్ముకా? విడదీసి చెప్పలేం. కానీ ఆ రెండు కార్లనూ అమ్మకానికి పెట్టినప్పుడు కడగలేదు. కమిషన్ మీద బతికే వేలం సంస్థలు, కడిగితే ధర పెరుగుతుందంటే ఒక్క పూట ఆగుతాయా?

ఇంకొకటి మెకానిక్‌లు లేవదీసే అభ్యంతరం, ఇది మరింత బరువైనది. కదలని కారు చచ్చిన కారు. రబ్బరు ఎండిపోతుంది, మెగ్నీషియం చక్రాలు పొడి రాలతాయి. 1966లో వచ్చిన లంబోర్గినీ మియురానే తీసుకోండి. తొలి మియురాల్లో ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ ఒకటే ఆయిల్, గేరు పన్ను చిన్న ముక్క విరిగినా ఇంజిన్ బేరింగుల దాకా పోయే ప్రమాదం ఉంది. ఆ తరవాత మియురాలోనే ఎస్‌వీ రకపు చివరి కార్లలో కంపెనీయే ఆ రెంటినీ విడదీసింది. చాలామంది యజమానులు పాత కార్లకూ ఆ మార్పు చేయించుకున్నారు. ఇది సాక్ష్యాన్ని చెరపడమేనా? నా లెక్కలో కాదు, తీసిన భాగాలు దాచి, చేసిన పని రాసిపెడితే. పెట్రోలు గొట్టాలు, బెల్టులు, సీళ్లు మార్చి తీరాల్సినవే; మియురాలు మంటల్లో కాలిన సందర్భాలు చాలానే ఉన్నాయి. మార్చకూడనివి రేకు, తోలు, తొలి రంగు. అరిగే భాగాన్నీ గుర్తు నిలిపే భాగాన్నీ ఒకే గాటన కట్టడం వల్లే మొన్నటిదాకా పొరపాటు జరిగింది. ఫెరారీ క్లాసికే విభాగం, 2015లో మొదలైన లంబోర్గినీ పోలో స్టోరికో ఇప్పుడు ఇంజిన్, షాసీ నంబర్లను పాత దస్తావేజులతో సరిచూసి ధ్రువపత్రాలు ఇస్తున్నది ఈ తేడా తెలుసుకునే.

అయినా ఆ కాలిన మొండియల్ దగ్గర నా వాదనకు అసలు పరీక్ష ఉంది. దానిమీద కొత్త బాడీ కట్టి, వేరే ఇంజిన్ పెడితే, మిల్లె మీలియా చూసినది అందులో ఎంత మిగులుతుంది? ఒక నంబరు, కొద్దిపాటి షాసీ గొట్టాలు. అలా పుట్టే కారును నకలు అనలేం, అసలనడానికీ నోరు రాదు. దాన్ని తిరిగి నడిపించాలనుకోవడం సహజం, ఎవరూ ఆపలేరు. కానీ కట్టేవారు ఆ ముడతల రేకులను తుక్కు కింద పారేయకుండా కొత్త కారు పక్కనే ఉంచాలి. కొర్తేసే ఎక్కిన బాడీ అదే.