చిందు మేళపు ఆహార్యము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పల్లెలలో రాత్రి మొదలై తెల్లవారువరకు సాగు చిందు యక్షగానమును చూచి, ఆ రాజవేషధారి కిరీటము ఏ యుగమునాటిది, ఆ మఖమలు అంగీ ఏ పురాణమునం దున్నది అని ప్రశ్నించు విద్యావంతులు కలరు. ప్రశ్న సమంజసమే కాని, దానికి సమాధానము గ్రంథములయందుకంటె ముందు నటుని దేహమునందు వెదకవలెను.

ఈ రెండు ప్రాంతములును 2016 అక్టోబరు 11 వరకు నిజామాబాదు జిల్లాలోనివి. ఆ జిల్లా చిందువారికి పుట్టినిల్లు వంటిది. బోధను సమీపమున అమ్దాపూరులో నివసించి 2005లో గతించిన చిందుల ఎల్లమ్మ, రేణుకా ఎల్లమ్మ వేషముతో ఈ కళకు గొప్ప పేరు తెచ్చినది. ఈ మేళములవారి కిరీటములు, భుజకీర్తులు, వక్షమున కట్టు పతకములు నిర్మల బొమ్మలకు వాడు పొనికివంటి తేలికకర్రతో చెక్కి, రంగులు పూసి, అద్దపు బిళ్లలు పొదిగినవి. కాగడాల వెలుగు ఆ అద్దములపై పడి చెదరునప్పుడు, దూరమున నేలపై కూర్చున్నవానికి సైతము రాజెవడో, బంటెవడో స్పష్టముగా తెలియును. ఊరూర తిరుగుచు, మూటలు విప్పుచు, కట్టుచు, రాత్రి పొడవున ఎగిరి అడుగువేయు నటునికి అసలు బంగారమే దొరకినను అది భారమే యగును.

ఇది పల్లెవాని అజ్ఞానమని తలచుట సరికాదు. బరువైన నగలు ధరించిన నటుడు అలసి, చెమర్చి, మూర్ఛిల్లునని, కావున లోపల లక్క నింపి స్వల్పముగా రత్నములు పొదిగినవానినే రంగమున వాడవలెనని నాట్యశాస్త్రము ఆహార్యాభినయమును వివరించుచు శాసించినది. గురువుల నోటను, చేతి పనిలోను నేర్చిన చిందువారి పద్ధతి ఆ శాసనముతో ఏకీభవించుట నాకు మిక్కిలి ఆనందము కలిగించును.

ఇక చరిత్ర మాట. 1213లో వెలసిన రామప్పగుడి శిల్పములందు దేహమును కప్పునవి వస్త్రములకంటె ఆభరణములే హెచ్చు; కుట్టిన పట్టు అంగీల పౌరాణికరూపము మన కన్నులకు అలవడుటలో, 1894లో బొంబాయిలో రవివర్మ స్థాపించిన ముద్రణాలయపు చిత్రములకు గొప్ప పాత్ర కలదు. అనగా మనము ప్రాచీనమని నమ్మునది పలుమారు నిన్నటిదే. కాలము తెలిసిన కథకు మాత్రము నియమము వేరు: కోలాచలం శ్రీనివాసరావు రామరాజు చరిత్ర నాటకములో నటుడు బళ్లారి రాఘవ పఠాన్ రుస్తుం పాత్ర ధరించినప్పుడు, 1565 నాటి యుద్ధకథకు అనుగుణమైన దుస్తులు కావలెనని కోరుట న్యాయమే. ద్వాపరయుగమునకు అట్టి తేదీ లేదు.

పూర్వాచారమంతయు నిలుపదగినదనియు నే ననను. ముఖమున పూయు అర్దళము ఆర్సెనిక్ గల ఖనిజము. దీపకాంతిలో ఆ పసుపువన్నెకు సాటి లేకపోయినను, చర్మమునకు హాని చేయు ఆ రంగును విడిచి నిరపాయమైన రంగులు వాడుటయే వివేకము. కాని కర్రనగల విషయము వేరు. దుకాణములలో దొరకు ప్లాస్టిక్ కిరీటము చౌక యైనను నటుని తలకొలతకు చేసినది కాదు, ఎగిరినప్పుడు జారును. పొనికికర్రను చెక్కనెరిగినవారు జీవించియుండగానే ఈ నగల కొలతలు, పొదుగు, కట్టు త్రాళ్ల అమరిక చిత్రములతో వ్రాయించి, మేళముల పిల్లలకు ఆ పని నేర్పించుట కామారెడ్డి జిల్లా సాంస్కృతిక సంస్థలు ఈ ఏటనే చేపట్టవలసిన కార్యము.